మరల వ్రాయుడు

మా నాన్నగారి పుస్తకాలు ఏలూరు చేరింది పందొమ్మిది వందల ముప్పై ఆరు ఎండాకాలంలో. కొల్లేట్లో నీరు అప్పటికి బాగా తగ్గిపోయింది. మా ఊరి రేవు నుంచి బయల్దేరిన పడవ దారిలో బురదలో దిగబడితే పడవవాళ్ళు దిగి తోశారు. పెట్టెలు తడవకుండా మా మేనత్త అచ్చాయమ్మ వాటి మీద తన దుప్పటి కప్పి, దుప్పటి మీద తనే ఎక్కి కూర్చుంది.

"మీ నాన్న నన్ను కూడా ఇంత పదిలంగా చూసుకోలేదురా జోగీ" అని దారంతా అంటూనే వచ్చింది.

నాన్నగారు పోయి అప్పటికి ఏడాది కాలేదు. నా భార్య సుభద్ర అంతకు ముందే పోయింది. పిల్లలు లేరు. నేను బందరులో బి.ఏ. చదివి, ఏలూరులో హైస్కూలు పంతులుగా ఉండేవాణ్ణి. ఊళ్ళో ఇల్లు మూసి అత్త నా దగ్గరికి వచ్చేసింది. వచ్చిన నాటి నుంచి సుభద్ర వాడిన గిన్నెలన్నీ నా కంట పడకుండా విడిగా ఒక బుట్టలో పెట్టి, తను మాత్రం పాత మట్టి చట్లతో వండేది. ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అలాంటి మేలు చేసిన మనిషి గురించే ఈ కథలో కొన్ని మాటలు చెప్పవలసి వస్తోంది.

పుస్తకాలు ఏలూరులో కొత్తగా కట్టిన ఒక పఠనమందిరానికి ఇవ్వదలిచాం. దాని కార్యదర్శి ప్లీడరు చలపతిరావుగారు. ముందు గది పైన నాన్నగారి పేరు, 'కోదండరామయ్య గది' అని, రాయిస్తామన్నారు. అందుకు కారణం పెట్టెల నిండా ఉన్న పుస్తకాలు కాదు, ఒకే ఒక పుస్తకం. ఓషధుల గురించి చెన్నపట్నంలో ఏ కాలంలోనో అచ్చయినది. అట్ట పోయింది, పేరున్న పుట కూడా పోయింది. అటువంటి ప్రతి తాను మరెక్కడా చూడలేదని చలపతిరావుగారు అన్నారు. దాన్ని తెరిస్తే అచ్చు కంటే అంచుల్లో రాసిన రాత ఎక్కువగా ఉంది.

రాతలు రెండు రకాలు. ఒకటి పెన్సిలు, గుండ్రంగా, బడిపిల్లల కాపీ పుస్తకంలా. రెండోది సిరా, వాలుగా, తొందరగా. సిరా రాత నాన్నగారిదని నాకు తెలుసు. తుంగగడ్డలు కార్తీకంలో తవ్వాలని పుస్తకం చెబితే పక్కన పెన్సిలుతో ఇలా ఉంది: "కొల్లేట కార్తీకమునకు తుంగ నీట మునిగియుండును. మాఘమునకుగాని గడ్డ చేతికి రాదు." దాని కింద సిరాతో: "నిజము. నేనును చూచితిని." సరస్వతి ఆకు మరపును పోగొడుతుందన్న చోట పెన్సిలు: "నెల దినములు తింటిని. మరపు తగ్గలేదు." సిరా: "తిన్న సంగతి మరువలేదు గదా, అదియే గుణము."

ఇది చదివి చలపతిరావుగారు కుర్చీలో ఊగి ఊగి నవ్వారు.

"ఏవండీ జోగారావుగారూ, పెన్సిలు రాతెవరిదండీ?"

"నాన్నగారు చిన్నతనంలో రాసుకున్నది అయ్యుంటుందండి. పెద్దయ్యాక సిరాతో తనకు తానే జవాబు చెప్పుకున్నారు."

ఆ మాట నాకు అప్పటికప్పుడు తోచింది. తోచగానే ఎంత బాగుందో అనిపించింది.

"అద్భుతమండీ! ఒక మనిషి జీవితకాలం తనతో తనే మాట్లాడుకున్నాడన్నమాట. మరి ఈ పసుపు మరకలేవిటి? చాలా పుటల్లో ఉన్నాయి."

"సరస్వతీ పూజకు పుస్తకాల మీద పసుపునీళ్ళు చల్లేవారేమోనండి."

"రాసుకోండి, రాసుకోండి. ప్రారంభ సభలో ఇదంతా చెప్పాలి మీరు."

నేను రాసుకున్నాను.

సభకు రెండు రోజుల ముందు ఉపన్యాసం పైకి చదువుకుంటున్నాను. అత్త పెరట్లో గుమ్మడి వడియాలు ఎండబెట్టి, కర్ర పుచ్చుకుని కాకుల్ని తోలుతోంది.

"'ఆ చదువరి గ్రంథమును దేవతగా భావించి పసుపునీటితో అర్చించెను'..."

అత్త కర్ర దించింది. "ఎవడురా?"

"నాన్నగారు."

"మీ నాన్నా! వినాయకచవితికి పత్రి నేను కోసి పెడితే విసుక్కుంటూ వేసేవాడు. పుస్తకానికి పూజ చేశాడా?" పకపకా నవ్వింది. "ఆ నీళ్ళు నేను చల్లినవిరా పిచ్చి సన్నాసీ."

"నువ్వా? ఎందుకు?"

"ఎందుకేవిటి? ఆ పుస్తకం పేట నుంచి తిరిగొచ్చేది కదా. ఏసోబని, కిరస్తానం బడిపంతులు లేడూ? తీసికెళ్ళి చదువుకుని, తెచ్చి అరుగు చివర పెట్టి పోయేవాడు. పసుపునీళ్ళు చల్లకుండా లోపలికెలా తెస్తాను? హుష్! ఫో!" అని కాకి మీదికి కర్ర విసిరింది.

"మరి ఆ పెన్సిలు రాత?"

"వాడిదే. మొదట్లో వాడూ సిరాతోనే రాసేవాడు. నేను చెంబుతో చల్లితే అంతా అలుక్కుపోయిందని మీ నాన్న గయ్యిమన్నాడు. అప్పట్నుంచి వాడు పెన్సిలు పట్టాడు. నేను కూడా తులసాకుతో అంచు మీద ఒక్క చుక్క వేసి ఊరుకునేదాన్ని. పాపం, అక్షరాలు చెడిపోతే ఎలా?"

"చల్లొద్దని నాన్న ఎప్పుడూ అనలేదా?"

"అదెందుకంటాడురా?" అంది. ఆ ప్రశ్న ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు.

నేను బడికోసం చిన్నప్పుడే ఊరు వదిలాను. సెలవులకు వచ్చినప్పుడు వాకిట్లో నిలబడి నాన్నగారితో మాట్లాడే ఒక పొడుగాటి మనిషి గుర్తున్నాడు. అంతకుమించి ఏమీ తెలియదు.

ఆ సాయంత్రమే చలపతిరావుగారి దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలారు.

"ఇప్పుడెందుకండీ ఇదంతా? బోర్డు రాయించేశాం. పెద్ద పెద్ద ఆఫీసర్లు వస్తున్నారు. ఆ పంతులేమైనా అభ్యంతరం చెప్పాడా?"

"ఆయనకు తెలియదండి."

"తెలియనప్పుడు బాధ మాత్రం ఎక్కడిదండీ?"

నిజం చెప్పాలంటే ఆ మాటతో నా గుండె తేలికపడింది. వద్దనేవారు ఒకరు దొరికితే చాలునని వెళ్ళినట్టున్నాను. సభలో ఉపన్యాసం ఉన్నది ఉన్నట్టు చదివాను. ఒక్క వాక్యం కూడా మార్చలేదు. యువకుడు ప్రశ్న వేశాడు, వృద్ధుడు జవాబు చెప్పాడు అన్నచోట చప్పట్లు ఆగలేదు. మర్నాడు పత్రికలో కూడా వచ్చింది.

వారం తిరక్కుండా ఒక పొద్దున వాకిట్లో ఎవరో పిలిచారు. వచ్చి చూస్తే తాటాకు పందిరి చివర ఒక ముసలాయన, ఆయన మోచేయి పట్టుకుని ఒక ముసలామె. మనిషి అప్పుడూ పొడుగే, కొంచెం వంగాడు. కళ్ళు రెండింటిలోనూ తెల్లటి పొర.

"నేనండి, ఏసోబు పంతుల్ని. ఈవిడ మా పాపమ్మ. పెద్ద ఆసుపత్రిలో కంటి శుక్లాలు తీస్తారంటే వచ్చామండి."

"రండి, పైకి రండి" అన్నాను.

అన్నానేగానీ నా గొంతు నాకే సరిగా వినబడలేదు. వెనక గుమ్మంలో అత్త వచ్చి నిలబడిందని నా వీపుకు తెలుస్తోంది. ఆయనకు చూపు ఆనకపోయినా ఆ గుమ్మం సంగతి తెలిసినట్టే ఉంది.

"పర్వాలేదండి. ఇక్కడ నీడగానే ఉంది" అన్నారు.

"నీడ ఉందో లేదో మీరే చెప్పాలి మరి, కళ్ళు కనబడేవారు" అంది పాపమ్మ. "నా నెత్తి మీదైతే ఎండే ఉంది."

ఆయన నవ్వి, ఒక అడుగు పక్కకు జరిగి ఆవిడకు చోటిచ్చారు. నేను రెండోసారి పిలవలేదు.

"మా అమ్మాయి నిర్మల తాడేపల్లిగూడెంలో టీచరమ్మండి" అన్నారాయన. "పేపర్లో చదివి చెప్పింది. నాన్నగారు చిన్నప్పుడు వేసుకున్న ప్రశ్నలకు పెద్దయ్యాక జవాబులు రాసుకున్నారని చెప్పారటగా తమరు. వినడానికి చాలా బాగుందండి."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆయన ముఖంలో వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

"బాగుండకేమండీ" అంది పాపమ్మ. "ఈయన యవ్వనమంతా మీ నాన్నగారి ఖాతాలో పడిపోయింది."

"పొరపాటయిందండి" అన్నాను. ఎవరి పొరపాటో చెప్పలేదు.

"దానిక్కాదండి నేనొచ్చింది" అన్నారు ఏసోబుగారు. "ఆ పుస్తకంలో తామర గురించిన పుట ఉంది. ఆఖరుసారి పుస్తకం తిరిగిచ్చినప్పుడు దాంట్లో నేనొక ప్రశ్న రాశాను. మళ్ళీ పుస్తకం నా చేతికి రాలేదు. అయ్యగారు జవాబేమైనా రాశారేమో నా కళ్ళతో నేను చూసుకోవాలండి. రేపు ఆపరేషను. చూపు వస్తుందో, ఉన్న కాస్తా పోతుందో డాక్టరు గట్టిగా చెప్పడం లేదు."

"ఏం అడిగారండి?"

ఆయన గొంతు కొంచెం తగ్గించారు.

"ఎప్పుడూ నేను వాకిట్లో, ఆయన అరుగు మీదనండి. మధ్య అంత దూరం పెట్టుకుని మాట్లాడాలంటే బిగ్గరగా మాట్లాడాలి. బిగ్గరగా అనగలిగే మాటలు కొన్నే ఉంటాయి కదండి. మిగిలినవి పుస్తకంలో రాసుకునేవాళ్ళం. వయసైపోతోంది, ఒక్క పూట ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చునా అని అడిగానండి. అంతే. అది మామూలు మాట కాదు కదా, పెన్సిలుతో రాస్తే మర్యాదగా ఉండదని సిరా కొని రాశాను."

"ఆ తర్వాత పుస్తకం రాలేదు, కబురూ లేదు" అంది పాపమ్మ. ఈసారి ఆవిడ గొంతులో వేళాకోళం లేదు. "అనకూడని మాట అన్నానని అప్పట్నుంచి కుమిలిపోతున్నారండి ఈయన. నాన్నగారికి పక్షవాతం వచ్చిందంటే మీ వీధి మొగదాకా వచ్చి, అడుగు పడక వెనక్కొచ్చేశారు."

ఆయన అడిగిన ఆ ఒక్క పూట కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, నా వెనకే అరుగు ఖాళీగా ఉంది. మండుటెండలో వచ్చిన మనుషులకు సుభద్ర అయితే ఏం చేసేదో నాకు తెలుసు. పోనీ పఠనమందిరానికి నడవండి, పుస్తకం చూపిస్తాను అనవలసింది. అక్కడ చలపతిరావుగారు ఉంటారని గుర్తొచ్చింది.

"నేను చూసి వచ్చి చెబుతానండి" అన్నాను.

"అంతకంటే ఏం కావాలండి?" అని ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. నేను నిలబడ్డ వైపుకు కాదు, కొంచెం పక్కకు.

పఠనమందిరంలో ఆ పుస్తకాన్ని అద్దాల బీరువాలో పెట్టారు. తాళం తీయించి తామర పుట తెరిచాను. పుటంతా పసుపు. ఆ పసుపులో నీలం సిరా కరిగి, పాచిపట్టిన నీళ్ళ రంగులో మేఘంలా పరుచుకుంది. మొదట 'తమరు' అన్న మాట ఒక్కటే మిగిలింది. అడుగున, కాగితం ఆరిన తర్వాత రాసినది, నాన్నగారి రాత:

"పంతులుగారికి. ఈ పుటలో మీరు వ్రాసినది తడిసి తెలియకున్నది. మరల వ్రాయుడు."

నాన్నగారు ఆయన్ను పైకి ఎన్నడూ 'గారు' అని ఉండరు. ఇది రాసిన కొద్దిరోజులకే పక్షవాతంతో కుడిచేయీ, మాటా పడిపోయి ఉంటాయి. పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది.

ఇంటికి వచ్చి అత్తతో చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది.

"ఆ రోజు మా అమ్మ తద్దినంరా" అంది. "మడిలో ఉన్నాను. ఒక్క చుక్కతో సరిపెట్టలేక చెంబు ఒంపాను. తెరిచి చూస్తానా? పెన్సిలేగా, దానికేమవుతుందిలే అనుకున్నాను." చేటలో చేయి ఆగింది. "అంత పనయిందా?"

ఆవిణ్ణి అందామంటే, నాకు అనే హక్కు ఏముంది? ఆవిడ ఒంపిన నీళ్ళు ఒక పుట మీదే పడ్డాయి. ఆ పూట నాకు వడ్డించి తను తినకుండా పడుకుంది.

నేను ఆసుపత్రికి వెంటనే వెళ్ళలేదు. ఆపరేషను కానిద్దాం అనుకున్నాను, కట్టు కట్టిన మనిషిని కదిలించకూడదు అనుకున్నాను. ఇలా ఒక్కొక్కటే అనుకుంటూ నాలుగు రోజులు గడిపాను. ఐదో రోజు చలపతిరావుగారు కోర్టులో ఉన్న వేళ చూసి, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళాను.

వార్డు పొడుగ్గా ఉంది. రెండు వరసల మంచాలు, అన్ని కులాలవాళ్ళూ. ఏసోబుగారు దిండుకు ఆనుకుని కూర్చున్నారు. కళ్ళకు తెల్లటి కట్టు. పాపమ్మ స్టూలు మీద నుంచి లేచి, దాన్ని నా వైపు జరిపింది. కూర్చున్నాను. ఇక్కడ ఎవరైనా ఎవరి ఎదురుగానైనా కూర్చోవచ్చు, అందులో నా గొప్పేమీ లేదు.

పుట తెరిచి ఆయన ఒళ్ళో పెట్టాను. నాన్నగారి మాటలు చదివాను. ఆయన రెండోసారి చదవమన్నారు. చదివాను. ఆయన వేళ్ళు కాగితం మీద మెల్లగా నడిచి, తడిసి ముడతలుపడ్డ చోట ఆగాయి.

"ఇక్కడేనా?"

"అక్కడేనండి."

"అయితే ఆయనకు అసలు తెలియదన్నమాట నేనేం అడిగానో!" ఆయన ముఖం విప్పారింది. "పాపమ్మా, విన్నావా? కాదనలేదే ఆయన. కోపం లేదు. మరల వ్రాయుడు అన్నాడు. పంతులుగారికి అని కూడా రాశాడు."

"విన్నాను. కంట నీళ్ళు పెట్టుకోకండి, కుట్లు పాడవుతాయని డాక్టరు చెప్పలేదూ?" అంటూ ఆవిడ తన కళ్ళు తుడుచుకుంది.

ఆ నీళ్ళు ఎవరు చల్లారని గానీ, ఎందుకు చల్లారని గానీ ఆయన అడగలేదు. అడిగితే చెప్పాలని ఇంటి దగ్గరే కూడబలుక్కున్న మాటలు నా నోట్లోనే ఉండిపోయాయి.

"బాబూ, కలం ఉందాండి?" అన్నారు.

"ఉందండి."

"మళ్ళీ రాయమన్నారు కదా. నాకిప్పుడు చేతకాదు. నేను చెబుతాను, తమరు రాసిపెట్టండి."

ఆయన చెప్పారు, నేను రాశాను. నాన్నగారి రాత కింద కాస్త ఖాళీ ఉంది. "తమరు అనుగ్రహించినచో, ఒక్క పూట ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనుటకు వీలగునా?" ఆ అక్షరాలు నా చేత్తో రాస్తుంటే, అడుగుతున్నది ఆయన కాక నేనే అయినట్టు అనిపించింది. అదీ ఒక క్షణమే.

"రాశారా?"

"రాశానండి."

"ఇక జవాబెవరు రాయాలండి?" అంది పాపమ్మ. "ఆయన లేకపోయె."

ఆ ప్రశ్న నాకే. మా నాన్నగారికి ఆ మాట తడిసి తెలియలేదు. నేను మాత్రం నా పందిరి కింద చెవులారా విన్నాను, విని చూసి చెబుతానన్నాను.

"కట్టు విప్పాక మా ఇంటికి రండి" అన్నాను.

"వాకిట్లోకాండి, అరుగు మీదికాండి?"

"పాపమ్మా!" అన్నారు ఏసోబుగారు.

"అడగనివ్వండి. ఎండలో వెనక్కి నడవాల్సింది నేను కదా."

"లోపలికి" అన్నాను. "లోపలికే రండి. ముగ్గురం కలిసి భోంచేద్దాం."

ఆ మాట నా నోటి నుంచి రాగానే నా తల దానంతటదే వెనక్కి తిరిగింది. వార్డులో మావాళ్ళెవరైనా విన్నారేమోనని. రెండు మంచాల అవతల ఒక రైతు ఆవలిస్తున్నాడు. అంతే. తల మళ్ళీ ఇటు తిప్పేసరికి పాపమ్మ నన్నే చూస్తోంది. నేనెందుకు వెనక్కి చూశానో ఆవిడకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. ఇప్పుడు ఏదో ఒకటి అంటుంది, అనడమే న్యాయం అనుకుని తల వంచుకున్నాను.

"ఏవన్నారే?" అన్నారు ఏసోబుగారు, కట్టున్న ముఖాన్ని ఆవిడ వైపు తిప్పి. "సరిగా వినబడలేదు."

"లోపలికి రమ్మంటున్నారండి" అంది పాపమ్మ, వార్డంతా వినేటట్టు, ఎంతో మామూలుగా. "భోజనానికి."

ఆయన చేయి గాలిలో తడుముకుంటూ వచ్చి నా మోకాలి మీద ఆగింది. నేను ఆవిడ ముఖం చూడలేక, ఆయన ప్రశ్న కింద 'రండి' అని రాసి, పుస్తకం మీదికి వంగి తడి సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.